పది దాటాలి, పన్నెండు దాటొద్దు

మెట్‌పల్లి మార్కెట్ యార్డుకు పసుపు దిగే రోజుల్లో అందరి నోటా నలిగే లెక్క తేమది. కొమ్మును చేత్తో విరిచి, ఆ విరుపును బట్టి ఎంత ఎండిందో చెప్పే అడ్తిదారులు ఉన్నారు. మిషన్ పెట్టి శాతం చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఒక కొనుగోలుదారుకు మరీ పచ్చి సరుకూ వద్దు, మరీ ఎండిపోయిందీ వద్దు, తేమ పదికి పైన, పన్నెండుకు లోపల ఉంటే చాలు అనుకుందాం. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఆ షరతు ఇట్లా రాస్తారు:

10 < తేమ < 12

పైథాన్ 3 తెలుగు అక్షరాల్లో పెట్టిన పేర్లను కూడా ఒప్పుకుంటుంది కాబట్టి ఈ గీత ఇట్లానే నిజంగా నడుస్తుంది. బడి లెక్కల పుస్తకంలో ఉన్నట్టే ఉంది, చదివేవాళ్ళకు వేరే వివరణ అక్కర్లేదు. చిక్కు ఎప్పుడొస్తుందంటే, ‘తేమ’ అన్నది ఒక్క బస్తాది కాకుండా పొద్దున దిగిన సరుకంతటి తేమల పట్టీ అయినప్పుడు. ఒక బస్తాను అడిగితే అవుననో కాదనో ఒకటే జవాబు. పట్టీని అడిగితే బస్తాకో జవాబు. అప్పుడు ఈ గీతకు జవాబుల వరుస రావాలా? ఒకటే జవాబు రావాలా? లేక ‘నన్నిట్లా అడగొద్దు’ అని భాషే మొండికెయ్యాలా? పైథాన్ పెద్దలు ఈ ప్రశ్నను 2000లో ముట్టుకున్నారు, 2004లో ఇంకో వైపు నుంచి ముట్టుకున్నారు, 2016లో మళ్ళీ ముట్టుకున్నారు. ఇప్పటికీ తెగలేదు.

రెండు పోలికలను ఇట్లా గొలుసుగా రాయడం పైథాన్ కనిపెట్టింది కాదు. కేంబ్రిడ్జిలో మార్టిన్ రిచర్డ్స్ 1960ల చివర్లో చేసిన బీసీపీఎల్ భాషలోనే ఆ వీలుంది. బీసీపీఎల్ నుంచి బీ, బీ నుంచి సీ పుట్టాయి గానీ ఈ ఆస్తి మాత్రం మనవడి దాకా రాలేదు. సీలో పై గీత రాస్తే భాష తిట్టదు, ఆగదు, ఎడమ నుంచి ఒక్కో పోలికా చేసుకుంటూ పోతుంది. ముందు 10 < తేమ. దానికి జవాబు 0 లేదా 1. తర్వాత ఆ 0నో 1నో పట్టుకుని 12 కన్నా చిన్నదా అని చూస్తుంది. ఎప్పుడూ చిన్నదే. తేమ నలభై ఉన్నా సరుకు పాసైపోతుంది. ఇప్పటి కంపైలర్లలో కొన్ని అడిగితేనే హెచ్చరిస్తాయి, అడగకపోతే ఊరుకుంటాయి.

నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ అనే గణిత, కంప్యూటర్ పరిశోధన సంస్థలో ఏబీసీ అని ఇంకో భాష తయారైంది. ప్రోగ్రామింగ్ వృత్తి కాని వాళ్ళు సులువుగా రాసుకోవాలన్నది దాని కోరిక. అందులో గొలుసు పోలిక లెక్కల పుస్తకంలో ఉన్నట్టే పనిచేసేది. ఆ జట్టులో పనిచేసిన గైడో వాన్ రాసమ్ 1989 క్రిస్మస్ సెలవుల్లో పైథాన్ మొదలుపెట్టినప్పుడు ఏబీసీ నుంచి తనకు నచ్చినవి కొన్ని తెచ్చుకున్నాడు. ఇది వాటిలో ఒకటి. పైథాన్ ఈ గీతను లోపల ‘10 < తేమ అండ్ తేమ < 12’ అని విడదీసుకుంటుంది. మధ్యలో ఉన్నదాన్ని మాత్రం ఒక్కసారే లెక్కగడుతుంది. అక్కడ గంటసేపు నడిచే ఫంక్షన్ ఉంటే ఆ తేడా తెలుస్తుంది.

ఈ అండ్‌కు ఒక స్వభావం ఉంది, కథంతా దాని మీదే తిరుగుతుంది. ఎడమ పక్కది కాదని తేలితే అండ్ కుడి పక్కకు చూడదు. దీన్నే షార్ట్ సర్క్యూట్ అంటారు, కరెంటుతో సంబంధం లేదు. ‘బస్తా ఉందా, ఉంటే దాని బరువు యాభై దాటిందా’ అని రాసినప్పుడు, లేని బస్తాను కాంటా మీద పెట్టబోయి ప్రోగ్రామ్ కూలిపోకుండా కాపాడేది ఈ స్వభావమే. అయితే కుడి పక్కకు పోవాలా వద్దా అని తేల్చుకోవాలంటే ఎడమ పక్క జవాబు ముందే తెలియాలి. అదీ ఒకటే జవాబై ఉండాలి.

ఇక రెండో పాయ, ఆపరేటర్ ఓవర్‌లోడింగ్. కూడిక గుర్తు, తక్కువ గుర్తు లాంటివాటికి మనం తయారుచేసుకున్న కొత్త రకం సరుకు మీద ఏం అర్థం రావాలో మనమే చెప్పుకునే సౌకర్యం ఇది. ఆల్గాల్ 68లో ఉంది. బెల్ ల్యాబ్స్‌లో బ్యార్న్ స్ట్రౌస్ట్రప్ చేసిన సీ ప్లస్ ప్లస్‌తో ఊరూరా తెలిసింది. సీ ప్లస్ ప్లస్‌లో దీన్ని ఇష్టమొచ్చినట్టు వాడి పాడుచేసిన కోడ్ చూసి విసిగిన జేమ్స్ గాస్లింగ్, 1995లో బయటికొచ్చిన జావాలో దీనికి చోటే ఇవ్వలేదు. పైథాన్ మాత్రం మొదటి నుంచీ తలుపు తీసే పెట్టింది. తలుపు తీశాక ఎవరు లోపలికొస్తారో మనం ఎంచుకోలేం. పైథాన్‌లోకి వచ్చినవాళ్ళు లెక్కలవాళ్ళు.

1995లో ఎంఐటీ విద్యార్థి జిమ్ హ్యూగునిన్ న్యూమరిక్ అనే లైబ్రరీ రాశాడు. పెద్ద పెద్ద అంకెల పట్టీలను, అరేలను, ఒకే గీతతో కూడడం, హెచ్చించడం దాని పని. ఈ లెక్కలవాళ్ళ కోసం గైడో భాషలోనే చిన్న చిన్న మార్పులు చేశాడు. పట్టీని ముక్కలు కోసే రాతలో దూరం చెప్పే వీలు, మూడు చుక్కల గుర్తు ఆ కాలం నుంచి వచ్చినవే. పోలిక దగ్గర మాత్రం దారి మూసుకుపోయింది. అప్పటి పైథాన్‌లో పోలికకు ఒకటే పద్ధతి. రెండు వస్తువులు ఇస్తే చిన్నదా, సమానమా, పెద్దదా అని మైనస్ 1, 0, 1 అనే మూడు అంకెల్లో ఒకటి చెప్పాలి. వంద బస్తాల పట్టీకి అట్లా ఒక్క అంకెలో జవాబు చెప్పడం కుదరదు. అందుకని న్యూమరిక్ వాడేవాళ్ళు తక్కువ గుర్తు పక్కన పడేసి, లెస్ అనే ఫంక్షన్‌ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు. కూడికకు గుర్తు ఉంది, హెచ్చింపుకు గుర్తు ఉంది, పోలికకు లేదు. ఇదేం పక్షపాతమని వాళ్ళు అడగడంలో న్యాయముంది.

2000 జూలైలో గైడో, డేవిడ్ ఆషర్ కలిసి ఒక ప్రతిపాదన రాశారు. పైథాన్‌లో ఇట్లాంటి ప్రతిపాదనను పెప్ అంటారు, దీని నంబరు 207. పాత ఒక్క పోలిక పద్ధతికి తోడు కొత్తగా ఆరు: తక్కువ, తక్కువ లేదా సమానం, సమానం, సమానం కాదు, ఎక్కువ, ఎక్కువ లేదా సమానం. అన్నిటికన్నా పెద్ద మార్పు, ఇవి అవునో కాదో చెప్పి తీరాలన్న నియమం పోవడం. ఏ వస్తువునైనా జవాబుగా ఇవ్వొచ్చు, పట్టీనైనా. ఎందుకు కావాలన్నదానికి ఆ పత్రం లెక్కలవాళ్ళ అవసరాన్నే ప్రధాన కారణంగా చూపింది. 2001 ఏప్రిల్‌లో పైథాన్ 2.1తో అమల్లోకి వచ్చింది. వంద బస్తాల పట్టీ ఇచ్చి ‘తేమ < 12’ అంటే వంద జవాబుల పట్టీ రావడం అప్పటి నుంచే.

గొలుసు మాత్రం పాత అర్థంతోనే మిగిలింది. 10 < తేమ < 12 అంటే లోపల అండ్, ఆ అండ్‌కు ఎడమ పక్క నుంచి ఒకటే జవాబు కావాలి. ఎడమ పక్కన ఇప్పుడు వంద జవాబులున్నాయి.

న్యూమరిక్ అప్పటికే దీనికొక సర్దుబాటు పెట్టుకుంది. పట్టీని పట్టుకుని ‘నువ్వు అవునా, కాదా’ అని ఎవరైనా అడిగితే, అందులో ఒక్కటి అవునున్నా అవునని చెప్పేది. విడిగా చూస్తే ఇందులో తప్పేమీ కనిపించదు. గొలుసులో పెట్టి చూడండి. నాలుగు బస్తాల తేమలు 8, 11, 13, 9. మొదటి పోలిక, పది దాటిందా: కాదు, అవును, అవును, కాదు. అందులో అవును ఉంది కాబట్టి అండ్ తృప్తిపడి కుడి పక్కకు పోతుంది, మొదటి పట్టీని అక్కడే పారేస్తుంది. రెండో పోలిక, పన్నెండుకు లోపలా: అవును, అవును, కాదు, అవును. చివరికి చేతికొచ్చేది ఇదే. కొనుగోలుదారు అడిగినదానికి సరిపోయే బస్తా ఒక్కటే, 11ది. ప్రోగ్రామ్ మూడింటిని పాస్ చేసింది. ఎక్కడా ఎర్ర అక్షరం లేదు, హెచ్చరిక లేదు. సీలో జరిగిన మోసమే వేషం మార్చుకుని వచ్చింది. నన్నడిగితే సీది కొంత నయం. అక్కడ ప్రతిదీ పాసవుతుంది కాబట్టి ఏదో తేడా ఉందని ఎవరికైనా అనుమానం వస్తుంది. ఇక్కడ సగం సరిగ్గా ఉన్న జవాబు వస్తుంది, దాన్ని ఎవరూ అనుమానించరు.

దీన్ని గట్టిగా పట్టించుకున్నవాళ్ళు ఖగోళశాస్త్రం వాళ్ళు. హబుల్ టెలిస్కోప్ పనులు చూసే బాల్టిమోర్‌లోని స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ జట్టు న్యూమరిక్‌కు బదులు న్యూమ్‌అరే అనే లైబ్రరీ తయారుచేసింది. ఆకాశం ఫొటోలో ఇంత వెలుగుకూ అంత వెలుగుకూ మధ్యనున్న చుక్కలను ఏరడం వాళ్ళకు రోజువారీ పని, అంటే ఈ గొలుసు షరతే వాళ్ళ బతుకు. పట్టీని అవునా కాదా అని అడిగితే న్యూమ్‌అరే జవాబివ్వదు, ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ‘ఏదైనా ఒకటా, అన్నీనా, నువ్వే చెప్పు’ అని తిప్పి అడుగుతుంది. న్యూమరిక్, న్యూమ్‌అరే రెండుగా చీలిన జనాన్ని ఒక్కటి చేయడానికి ట్రావిస్ ఒలిఫాంట్ రాసిన నమ్‌పై 2006లో 1.0గా వచ్చినప్పుడు ఈ మొండితనాన్నే ఉంచుకుంది. డేటా పని మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ మొదటి వారంలోనే చూసే ఆ ఎర్రర్, ఒకటికన్నా ఎక్కువ అంశాలున్న అరేకు అవునో కాదో చెప్పడం అస్పష్టం అనేది, అక్కడి నుంచి వచ్చింది. దాన్ని తిట్టుకోని వాళ్ళు లేరు. ఈ కథలో తీసుకున్న నిర్ణయాలన్నిటిలో నాకు బాగా నచ్చింది అదే.

ఎర్రర్ ఇచ్చినంత మాత్రాన పని ఆగదుగా, ఏదో ఒకటి రాయాలి. అండ్‌ను ఓవర్‌లోడ్ చేసే వీలు పైథాన్‌లో లేదు. బిట్లతో బిట్లను జతచేసే & గుర్తుకు ఆ వీలుంది. నమ్‌పై వాళ్ళు ఆ గుర్తును అరువు తెచ్చుకున్నారు:

(10 < తేమ) & (తేమ < 12)

ఆ బ్రాకెట్లు అలంకారం కావు. ఎందుకు తప్పనిసరో తెలియాలంటే మళ్ళీ బెల్ ల్యాబ్స్‌కు పోవాలి. బీ భాషలో & ఒక్కటే ఉండేది. షరతుల్లో అది అండ్‌గా పనిచేసేది, మిగతా చోట్ల బిట్ల పని చేసేది. సీ రూపుదిద్దుకుంటున్నప్పుడు ఈ రెండు పనులనూ విడదీస్తే బాగుంటుందని అలన్ స్నైడర్ సూచిస్తే డెనిస్ రిచీ జంట గుర్తు && చేర్చాడు. కానీ అప్పటికే రాసి ఉన్న కోడ్ చెడిపోతుందని ఒంటి & బలాన్ని మార్చలేదు. అది పోలికల కన్నా కింది మెట్టు మీదే ఉండిపోయింది. ఈ మెట్టు తప్పని, అప్పుడే సరిచేసి ఉండాల్సిందని రిచీ తర్వాత తానే రాశాడు. సీ రాసినవాళ్ళు దశాబ్దాల పాటు దీనివల్ల తిప్పలు పడ్డారు.

పైథాన్ ఆ తప్పును సరిదిద్దింది. ఇందులో & పోలికల కన్నా పై మెట్టు మీద ఉంటుంది, అంటే ముందు & జరిగి, తర్వాత పోలిక. బిట్ల పనికి అదే సరైన చోటు. ఇప్పుడు నమ్‌పైలో బ్రాకెట్లు మరిచిపోయి 10 < తేమ & తేమ < 12 అని రాయండి. ముందు తేమ & తేమ. పూర్ణాంకాల పట్టీ అయితే దాన్ని దానితోనే జతచేస్తే అదే వస్తుంది. మిగిలింది 10 < తేమ < 12. గొలుసును తప్పించుకోవడానికి తెచ్చుకున్న గుర్తు, చుట్టూ తిప్పి మళ్ళీ గొలుసులోనే పడేసింది. దశాంశాలున్న పట్టీ అయితే & దగ్గరే వేరే ఎర్రర్ వస్తుంది. సీలో తప్పు చోట ఉన్న గుర్తును సరైన చోట పెట్టడం వల్ల పుట్టిన చిక్కు ఇది. ఇందులో ఎవరిని నిందించాలో నాకైతే తోచదు.

అరువు గుర్తుతో ఎన్నాళ్ళని, అండ్‌నే ఓవర్‌లోడ్ చేయనిస్తే పోలేదా అని న్యూజిలాండ్ ప్రోగ్రామర్ గ్రెగ్ యూయింగ్ అడిగాడు. 2004 ఆగస్టులో ఆయన రాసిన పెప్ 335 అండ్, ఆర్, నాట్ మూడింటికీ తలుపు తీయమంది. పట్టీలవాళ్ళే కాదు, పైథాన్ షరతును డేటాబేస్ ప్రశ్నగా మార్చాలనుకునేవాళ్ళకూ ఇది కావాలి. షార్ట్ సర్క్యూట్ చెడకుండా ఆయన వేసిన ఎత్తు నాకు చాలా తెలివిగా అనిపిస్తుంది: పనిని రెండు విడతలు చేయడం. మొదటి విడతలో ఎడమ పక్క వస్తువును మాత్రమే పిలిచి ‘నీ ఒక్కదానితో తేలుతుందా’ అని అడుగుతారు. తేలితే అక్కడితో సరి. ‘రెండోవాడు కూడా కావాలి’ అంటేనే కుడి పక్కది లెక్కగట్టి, రెండింటినీ కలిపి రెండో విడత పిలుస్తారు. సీ ప్లస్ ప్లస్‌లో && ఓవర్‌లోడ్ చేస్తే షార్ట్ సర్క్యూట్ పోతుంది, రెండు పక్కలా లెక్కగట్టక తప్పదు. యూయింగ్ పద్ధతిలో ఆ నష్టం లేదు.

ఏడేళ్ళు అది అట్లానే ఉంది. 2011లో ఆయన దాన్ని సవరించి మళ్ళీ ముందుకు తెచ్చాడు. 2012 మార్చిలో గైడో వద్దన్నాడు. అండ్ ఏ ప్రోగ్రామ్‌లోనైనా అడుగడుగునా వచ్చే మాట. దాని అర్థం ఎదురుగా ఉన్న వస్తువును బట్టి మారొచ్చు అన్నామంటే, చదివేవాళ్ళకు ఉన్న ఒక గట్టి నేల కదులుతుంది. ఇది నా మాట, గైడోకు అంటగట్టను. పట్టీలతో రోజూ కుస్తీ పట్టే నాలాంటివాళ్ళకు ఆ తలుపు కావాలనే ఉంటుంది. కానీ పట్టీలు ముట్టని వాళ్ళ సంఖ్యే ఎప్పుడూ ఎక్కువ. భాష వాళ్ళది కూడా.

చివరి ప్రయత్నం ఆస్ట్రేలియాకు చెందిన నిక్ కాగ్లన్‌ది. 2016 నవంబరులో పెప్ 535 రాశాడు, సూటిగా గొలుసు పోలిక గురించే. అండ్ జోలికి పోకుండా, గొలుసులో రెండు పోలికలను కలిపే ఆ కనిపించని అండ్‌ను మాత్రం వస్తువుల చేతికివ్వడం దాని ఆలోచన. పట్టీలైతే బస్తాకు బస్తా కలుపుకుంటాయి, మామూలు అంకెలైతే ఎప్పటిలాగే. ఇది నిలబడాలంటే కింద ఇంకో పునాది కావాలి. షార్ట్ సర్క్యూట్ మొత్తాన్నీ ఓవర్‌లోడ్ చేయనిచ్చే ఆ పెద్ద మార్పు ఆయనా మరొకరూ అంతకు కొద్ది రోజుల ముందే రాసిన పెప్ 532లో ఉంది. ఒక గది కోసం ఇల్లంతా కట్టాలన్నమాట. రెండింటినీ ‘తర్వాత చూద్దాం’ అన్న అరలో పెట్టారు. ఆ అర నుంచి బయటికి వచ్చినవి తక్కువ.

సీ ప్లస్ ప్లస్ వైపు కూడా 2018లో ఒక కదలిక వచ్చింది. బారీ రెవ్జిన్, హెర్బ్ సట్టర్ కలిసి గొలుసు పోలికకు లెక్కల పుస్తకం అర్థం ఇద్దామని ప్రతిపాదించారు. సీ నుంచి వారసత్వంగా వచ్చిన అర్థం అప్పటికే ఉంది, దాన్ని మార్చాలి. పైగా < గుర్తుకు ఏ లైబ్రరీ ఏ అర్థం పెట్టుకుందో ఎవరికెరుక. సీ ప్లస్ ప్లస్ 20లోకి అది ఎక్కలేదు. సట్టరే తెచ్చిన ఇంకో పోలిక గుర్తు, తక్కువ-సమానం-ఎక్కువ మూడూ కలిపి రాసేది, మాత్రం ఎక్కింది. పైథాన్ 3లో వదిలిపెట్టిన మూడు జవాబుల పద్ధతికి అది దూరపు చుట్టమే.

సమస్యను చక్కగా విప్పింది జూలియా. జెఫ్ బెజాన్సన్, స్టెఫన్ కార్పిన్‌స్కీ, విరల్ షా, అలన్ ఎడెల్మన్ 2012లో బయటపెట్టిన ఈ భాషలో పట్టీ మీద అంశం అంశంగా పని చేయాలంటే గుర్తు ముందు చుక్క పెట్టాలి. 10 < తేమ < 12 అంటే ఒక అంకెను అడిగినట్టు, లోపల షార్ట్ సర్క్యూట్ అండ్. 10 .< తేమ .< 12 అంటే పట్టీని అడిగినట్టు, లోపల &. ఏది అడుగుతున్నారో రాసేవాళ్ళే చెబుతారు, చదివేవాళ్ళకు కనిపిస్తుంది, భాష ఊహించాల్సిన పని లేదు. ఇంత తేలికా అనిపిస్తుంది. కానీ జూలియా చేసినవాళ్ళు లెక్కల కోసమే, మొదటి గీత నుంచి మొదలుపెట్టారు. పైథాన్‌లోకి పట్టీలు వచ్చేసరికి గొలుసు అప్పటికే ఉంది, దాన్ని వాడే కోడ్ కూడా ఉంది.

పైథాన్‌లో బ్రాకెట్ల బాధ వద్దనుకునేవాళ్ళకు పాండాస్ లైబ్రరీలో ‘బిట్వీన్’ అని ఒకటుంది, డేటాబేస్ ప్రశ్నల భాష ఎస్‌క్యూఎల్‌లో ఎప్పటి నుంచో ఉన్న పేరే. గొలుసు వద్దు, & వద్దు, పేరు పెట్టి పిలిస్తే చాలు, న్యూమరిక్ రోజుల్లో లెస్‌ను పిలిచినట్టే. ఒక్కటి చూసుకోవాలి: మామూలుగా పిలిస్తే అది రెండు కొసలనూ కలుపుకుంటుంది, సరిగ్గా 10 ఉన్నదీ, సరిగ్గా 12 ఉన్నదీ పాసవుతాయి. కొసలు వద్దంటే ‘నైదర్’ అని విడిగా రాయాలి.